వైన్స్ కాదు.. వైన్! గోదారి వెంట నాసిక్ దాకా

గోదావరిఖని చౌరస్తాలో నిలబడి ‘ఇక్కడ వైన్ ఎక్కడ దొరుకుతుంది?’ అని ఎవరినైనా అడగండి. ఏ వంక చూసినా చేయి చూపిస్తారు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో ‘వైన్స్’ అనే ఉంటుంది. లోపల బీరు, విస్కీ, బ్రాందీ, రమ్ము.. అన్నీ దొరుకుతాయి. ‘వైన్ కావాలి’ అంటే మాత్రం కౌంటర్‌లో కుర్రాడు ఒక్క క్షణం ఆగి, పై అరలో మూలకున్న సీసా దింపి దుమ్ము తుడుస్తాడు. వైన్ పేరు పెట్టుకుని వైన్ తప్ప అన్నీ అమ్మే దుకాణాలు మనవి!

మా ఇంట్లో నాసిక్ ట్రిప్ మాట ఎత్తగానే మొదలైన గొడవ కూడా ఈ మాట దగ్గరే.

బాబాయ్ సింగరేణిలో మైనింగ్ సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. ‘ఇన్నేండ్లు గోదారి ఒడ్డున ఉన్నం. అది పుట్టిన జాగ చూడలె’ అన్నది చిన్నమ్మ. అంటే త్ర్యంబకేశ్వరం. అక్కడిదాకా అందరం సరే అన్నాం. నేనే నోరు జారాను. ‘చిన్నమ్మా, నాసిక్‌ల ద్రాక్ష తోటలుంటయ్. వైన్ తయారీ చూపిస్తరట, రుచి కూడా చూపిస్తరట. ఒకరోజు అటు కూడా పోదాం’ అన్నాను.

చిన్నమ్మ చేతిలో చాట కింద పెట్టింది.

‘తొమ్మిదేండ్ల సంది ముట్టలే ఆయన. ఇప్పుడు రైలెక్కించి తీస్కపోయి తాగవెడ్తవారా?’

‘వైన్ అంటే మందు కాదు చిన్నమ్మా.. ద్రాక్షరసం లాంటిదే!’

‘కల్లు గూడ చెట్టు రసమే గదరా!’

నా దగ్గర జవాబు లేదు.

తొమ్మిదేళ్ల లెక్క

కోల్‌బెల్ట్‌లో పుట్టి పెరిగినవాళ్లకు చిన్నమ్మ భయం కొత్తగా చెప్పక్కర్లేదు. షిఫ్టు దిగి పైకొచ్చాక ఒళ్లు నొప్పులకని మొదలయ్యే ‘క్వార్టర్’ ఎక్కడిదాకా పోతుందో ప్రతి కాలనీలో ఒక కథ ఉంటుంది. తాగుడికి పడి డ్యూటీలు ఎగ్గొట్టి, ఏడాదికి వంద మస్టర్లు నిండక కొలువు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. జీతాల రోజు భర్త కంటే ముందు గేటు దగ్గరికి చేరుకున్న ఆడవాళ్లూ ఉన్నారు.

మా చెల్లె ఇంటర్ ఫీజు కోసం బియ్యం డబ్బాలో దాచిన పైసలు బాబాయ్ మూడు రోజుల్లో ఊదేశాడు. చిన్నమ్మ అరవలేదు, ఏడవలేదు. బ్యాంకు పాస్‌బుక్ తీసుకుని తన బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. బాబాయ్ ఆ నెలలోనే ఆసుపత్రికి పోయి మందులు వాడి మానేశాడు. ఆ తాళం చెవి ఇప్పటికీ చిన్నమ్మ కొంగుకే ఉంది. అలాంటి మనిషిని ‘ఒక్క గుటకే కదా’ అని వైనరీకి తీసుకుపోవడం సరదా కాదని నాకు ఆలస్యంగా తెలిసింది.

వైన్ ద్రాక్షరసం లాంటిది అన్న నా మాటా తప్పే. మామూలు టేబుల్ వైన్‌లో ఆల్కహాల్ 12 నుంచి 14 శాతం దాకా ఉంటుంది. 150 మిల్లీలీటర్ల గ్లాసు వైన్ తాగితే, 45 మిల్లీలీటర్ల విస్కీలో ఉండేంత ఆల్కహాల్ ఒంట్లోకి పోయినట్టే. ఏ మోతాదులో తాగినా ఆల్కహాల్ ఆరోగ్యానికి సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. ‘వైన్ గుండెకు మంచిది’ అంటూ వాట్సప్‌లో తిరిగే మాటలు నమ్మి మొదలుపెట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

వారం రోజులకు చిన్నమ్మే ఒక మెట్టు దిగి మూడు షరతులు పెట్టింది. ఒకటి, ముందు దేవుడు, తర్వాతే తోటలు. రెండు, రుచి చూపించే గదిలోకి బాబాయ్ అడుగు పెట్టొద్దు. మూడు, ఒక్క సీసా కూడా ఇంటికి రావొద్దు. మా ట్రిప్ ప్లాన్ అంతా ఈ మూడు షరతుల చుట్టే అల్లుకున్నాం. పోయి వచ్చాక చూస్తే, వైనరీ ట్రిప్ ఎవరు వేసుకున్నా ఈ మూడూ పనికొచ్చేవే అనిపించింది.

ఎప్పుడు పోవాలి?

యూరప్‌లో ద్రాక్ష కోతలు ఆగస్టు, సెప్టెంబర్ ప్రాంతంలో మొదలవుతాయి. మన దగ్గర లెక్క వేరు. నాసిక్‌లో తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఎండాకాలం మొదట్లో, ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి కత్తిరిస్తే కొత్త కొమ్మలొస్తాయి. వానలు వెనకబట్టాక సెప్టెంబర్, అక్టోబర్‌లలో రెండోసారి కత్తిరిస్తే కాపు పడుతుంది. పగలు ఎండ, రాత్రి చలి ఉండే రోజుల్లో కాయ పండుతుంది. వైన్ ద్రాక్ష కోతలు జనవరి నుంచి మార్చి దాకా సాగుతాయి. తీగల మీద గుత్తులు, ట్యాంకుల్లో పొంగే రసం రెండూ చూడాలంటే జనవరి చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం. వానాకాలంలో కొండలు పచ్చగా కనువిందు చేస్తాయి కానీ తీగల మీద పండు ఉండదు. మే నెల సంగతి ఖనివాళ్లకు వేరే చెప్పాలా? ఇక్కడి ఎండ చాలదన్నట్టు అక్కడికి పోవడం ఎందుకు!

ఇంకో మాట. బృహస్పతి సింహరాశిలోకి వచ్చినప్పుడే మన గోదావరి పుష్కరాలు, నాసిక్ సింహస్థ కుంభమేళా రెండూ వస్తాయి. ఈసారి అది 2027. ఆ రోజుల్లో నాసిక్‌లో గది దొరకడం కష్టం. తోటలు చూడాలనుకునేవాళ్లు ఆ తేదీలు తప్పించుకోవడమే మేలు.

ఎట్లా పోవాలి?

మా ఊరి పక్క నుంచి పారే గోదావరి 1,465 కిలోమీటర్ల ప్రయాణం. పుట్టేది త్ర్యంబకేశ్వరం దగ్గర బ్రహ్మగిరి కొండల్లో. అక్కడి నుంచి నాసిక్, పైఠాన్, నాందేడ్, బాసర, ధర్మపురి మీదుగా మన ఎల్లంపల్లికి చేరి గోదావరిఖని, మంథని దాటి కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకుంటుంది. మేం ఎంచుకున్న రైలు దారి కూడా చాలా దూరం ఈ నది ఊళ్లనే పట్టుకుని పోతుంది.

పెద్దపల్లి నుంచి కరీంనగర్ మీదుగా నిజామాబాద్‌కు రైలు మార్గం ఉంది. బస్సులో పోయినా సరే. నిజామాబాద్‌లో ముంబై వెళ్లే దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బాసర, నాందేడ్, ఔరంగాబాద్, మన్మాడ్ మీదుగా నాసిక్ రోడ్‌లో దింపుతుంది. మేం దిగేసరికి ఇంకా తెల్లారలేదు. కాబట్టి గది ముందే మాట్లాడుకోవాలి. స్టేషన్ నుంచి నాసిక్ ఊరు ఇంకా తొమ్మిది, పది కిలోమీటర్లు. రైళ్ల వేళలు మారుతుంటాయి, టికెట్ తీసుకునేటప్పుడే సరిచూసుకోండి. ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఎల్‌టీసీ సెలవుల్లో పెట్టుకుంటే సరిపోతుంది. దసరాకు వచ్చే లాభాల వాటా బంగారానికి, ఇంటి అప్పుకు పోగా కొంచెం మిగిలితే ఇలాంటి ప్రయాణానికి తీసి పెట్టుకోవచ్చు.

మూడు పగళ్లు చాలు. మొదటిరోజు త్ర్యంబకేశ్వరం. నాసిక్ నుంచి 30 కిలోమీటర్ల లోపే. కుశావర్తంలో స్నానం, దర్శనం. రెండోరోజు తోటలు. మూడోరోజు పంచవటి, రామకుండం చూసుకుని రాత్రికి రైలెక్కడం. ‘గాడ రామకుండం, మనకాడ రామగుండం. రెండు గోదారి మీదనే’ అని బాబాయ్ రైల్లో ఎదురుగా కూర్చున్నవాళ్లందరికీ చెప్పాడు.

ఏ తోటకు?

నాసిక్ ద్రాక్షకు పాత పేరే. అయితే అక్కడ పండేదాంట్లో ఎక్కువ భాగం మనం తినే ద్రాక్ష. వైన్ కోసం వేసిన తోటలు పెరిగింది ఈ పాతికేళ్లలోనే. అమెరికాలో చదివి, అక్కడ ఉద్యోగం వదులుకుని వచ్చిన రాజీవ్ సామంత్ తమ కుటుంబ భూమిలో వైన్ ద్రాక్ష నాటించి సులా వైన్‌యార్డ్స్ మొదలుపెట్టారు. వాళ్ల మొదటి వైన్ 2000లో బయటికొచ్చింది. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్‌కు ప్రత్యేక విధానం తేవడంతో మిగతావాళ్లూ దిగారు. 2005లో సులా తమ తోటలోనే టేస్టింగ్ రూమ్ తెరిచింది. ‘నాసిక్ వ్యాలీ వైన్’కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

గంగాపూర్ డ్యామ్ వైపు సులా, యార్క్, సోమా దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒకే రోజులో ఇవి చూడొచ్చు. ఆ డ్యామ్ కూడా గోదావరి మీదిదే. ముంబై దారిలో ఇగత్‌పురి వైపు గ్రోవర్ జంపా, వలోన్ ఉన్నాయి. దిండోరిలో షాండన్ ఉంది. అన్నీ ఒకేసారి చుట్టేద్దామనుకోవద్దు. రోజుకు రెండు చాలు. శని, ఆదివారాలు ముంబై, పుణె జనంతో కిక్కిరిసి ఉంటాయి, మధ్యవారంలో పోతే నింపాదిగా చూపిస్తారు. టూర్, టేస్టింగ్ ముందే బుక్ చేసుకోవాలి. వయసు 21 దాటి ఉండాలి, గుర్తింపు కార్డు దగ్గరుంచుకోవాలి. డ్రై డే పడకుండా చూసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం, బండి నడిపేవాళ్లు రుచి చూడొద్దు. రోజంతటికీ టాక్సీ మాట్లాడుకోండి. ఖాళీ కడుపుతో పోవద్దు. మేం పొద్దున మిసల్ పావ్ తిని బయల్దేరాం.

‘గాలి చూసేటోళ్లెవరు?’

టూర్‌లో మొదట తోట. వైన్ ద్రాక్ష గింజ చిన్నది, తోలు మందం, లోపల విత్తనాలు. మనం తినే సీడ్‌లెస్ లాగా గుజ్జు ఎక్కువ ఉండదు. చల్లదనం పోకముందే కోయాలని కోతలు తెల్లవారకముందే మొదలుపెడతారట. ఆడవాళ్లు వరుసల మధ్య చేరి చిన్న కత్తెరలతో గుత్తులు కోసి ప్లాస్టిక్ ట్రేల్లో పెడుతున్నారు. అందరూ సెల్ఫీలు దిగుతుంటే బాబాయ్ హిందీలో సూపర్‌వైజర్‌ను పట్టుకున్నాడు. ‘వీళ్లకు మస్టరెంత పడ్తది? పొద్దున ఎన్నింటికి దిగుతరు?’ అని అడిగాడు.

తర్వాత షెడ్డు. తెల్ల వైన్‌కు పండును పిండి రసం మాత్రమే స్టీలు ట్యాంకుల్లోకి పంపి చల్లగా పులియబెడతారు. ఎర్ర వైన్‌కు తోలుతో సహా పులియబెడతారు. రంగూ, వగరూ వచ్చేది ఆ తోలు నుంచే. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్‌ను, బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. మన కల్లు కుండలో జరిగేదీ ఇదే. కాకపోతే కల్లు పొద్దుటికీ మాపటికీ మారిపోతుంది. వైన్‌ను ఆపి, వడకట్టి, నెలలూ ఏళ్లూ నిలవ పెడతారు.

కింద సెల్లార్‌లోకి దిగగానే బాబాయ్ ఆగిపోయాడు. మసక వెలుతురు, చల్లటి గోడలు, వరుసగా చెక్క పీపాలు. ‘బాయిల దిగినట్టే ఉన్నది’ అన్నాడు. మరుక్షణం గైడ్‌ను అడిగాడు. ‘పులిసినప్పుడు గ్యాస్ వస్తదంటిరి గద, అది గాలి కంటె బరువు. కిందనే కూసుంటది. ఈడ గాలి చూసేటోళ్లెవరు?’

ఆ గైడ్ కుర్రాడు నవ్వు ఆపేసి బాబాయ్ వైపు తిరిగాడు. మీటర్లున్నాయని, ఫ్యాన్లు నడుస్తూనే ఉంటాయని, ఖాళీ ట్యాంకులోకి మనిషిని దింపే ముందు కచ్చితంగా చూస్తామని చెప్పాడు. పులిసే చోట పేరుకునే ఈ వాయువు కంటికి కనపడదు, మనిషిని నిలబడ్డచోటే పడేస్తుంది. సేఫ్టీ ల్యాంప్ మంట చూసి గాలి పసిగట్టడమే బాబాయ్ ముప్పై ఏళ్లు చేసిన పని. దీపం ఎట్లా పట్టుకోవాలో, మంట ఎట్లా కుంగిపోతుందో ఆయన చెబుతుంటే మా గుంపులోని ముంబై పిల్లలు కూడా వైన్ మర్చిపోయి విన్నారు. చిన్నమ్మ కొంగు సర్దుకుంటూ పక్కనే నిలబడింది. రిటైరైన రోజు వేసిన శాలువా కంటే ఆ పది నిమిషాలే బాబాయ్‌కి ఎక్కువ గౌరవం అనిపించాయి నాకు.

రుచి ఎట్లా చూడాలి?

టేస్టింగ్ గది తలుపు దగ్గర మేం విడిపోయాం. బాబాయ్, చిన్నమ్మ బయట చెట్టు కింద కూర్చుని ద్రాక్షరసం తెప్పించుకున్నారు. నేనూ నా భార్యా లోపలికి పోయాం.

అయిదారు రకాలు, ఒక్కోటి రెండు మూడు గుటకలంత పోస్తారు. మామూలుగా బుడగల వైన్‌తో మొదలుపెట్టి తెలుపు, రోజే, ఎరుపు, చివరికి తీపి వైన్. తేలికైనదాని నుంచి చిక్కనిదానికి పోవడం పద్ధతి. గ్లాసును కాడ దగ్గర పట్టుకోవాలి, గిన్నె దగ్గర పడితే చేతి వేడికి వైన్ వెచ్చబడుతుంది. మొదట రంగు, తర్వాత నెమ్మదిగా తిప్పి వాసన, ఆ తర్వాత చిన్న గుటక. నోట్లో అటూ ఇటూ తిప్పి చూసి, పక్కన పెట్టిన పాత్రలో ఉమ్మేయొచ్చు. అది మర్యాద తక్కువేం కాదు. రోజంతా రుచి చూసేవాళ్లు చేసేది అదే. అన్నీ మింగితే ఆ ‘కొంచెం కొంచెం’ కలిసి ఒక గ్లాసు దాటిపోతుంది.

రుచులు చెప్పడానికి మనకు భాష కొరత లేదు. ఇంగ్లిష్‌లో తడుముకునే మాటకు మన దగ్గర ‘వగరు’ ఉంది. పచ్చి నేరేడు కొరికితే నాలుక బిగుసుకుంటుంది చూడండి, ఎర్ర వైన్‌లో టానిన్ పని అదే. ఉగాది పచ్చడి తిన్న నాలుకకు పులుపు ఎక్కడ మొదలైంది, చేదు ఎక్కడ తేలింది అన్నది ఎవరూ నేర్పక్కర్లేదు. సావిన్యోన్ బ్లాంక్‌లో నాకు పచ్చి జామకాయ తగిలింది. షిరాజ్‌లో మిరియాల ఘాటు. నా భార్యకు షెనిన్ బ్లాంక్ ఒక్కటే నచ్చింది, ఎరుపు తాగి ముఖం ముడుచుకుంది. నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి. ఖరీదైనదని నచ్చినట్టు నటించాల్సిన పనిలేదు.

ఇక మానేసినవాళ్ల సంగతి. ‘రుచే కదా, ఉమ్మేస్తావు కదా’ అని వాళ్లను బలవంతం పెట్టకండి. వాళ్లకు ఆ మొదటి గుటకే ప్రమాదం. తోట, షెడ్డు, సెల్లార్ తిప్పి చూపించి, ఆ గది దగ్గర వాళ్లకు తోడుగా ఒకరు బయట ఉండేలా ముందే అనుకోండి. మా చిన్నమ్మ షరతు అదే.

సీసాలు తెచ్చుకోవచ్చా?

తోటలో దుకాణం ఉంటుంది. కొనాలనిపిస్తుంది. ఆగండి. వేరే రాష్ట్రంలో పన్ను కట్టిన మద్యం మన రాష్ట్రంలో పన్ను కట్టని సరుకే. పేపర్లలో ‘ఎన్‌డీపీఎల్ పట్టివేత’ అని వచ్చేది ఈ సరుకు గురించే. మహారాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టుల్లో, రైళ్లలో ఎక్సైజ్‌వాళ్లు తనిఖీ చేస్తుంటారు. ఇష్టమైనదాని పేరు రాసుకొచ్చి, ఇక్కడ దొరికితే ఇక్కడే కొనుక్కోవడం ఉత్తమం. చిన్నమ్మకు ఎక్సైజ్ చట్టం తెలియదు కానీ మూడో షరతు చట్టం ప్రకారమే పెట్టింది!

అంత దూరం పోలేనివాళ్లకు..

పులిసిన రుచి వెనక ఉన్న పనిని చూడాలంటే నాసిక్ దాకానే పోవాలని లేదు. చలికాలంలో ఈత, ఎండాకాలంలో తాడి. మన ఊళ్ల తాటివనాల్లో గీత కార్మికుడు తెల్లవారకముందే మోకు బిగించుకుని చెట్టెక్కుతాడు. పులియకముందు దించే నీరా కోసం హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచారు. చెట్టు మీంచి పడి ప్రాణాలు పోతున్నాయని 2024లో ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో సేఫ్టీ కిట్లు మొదలుపెట్టింది. నాసిక్ తోటలో గైడ్ ఉన్నాడు, టికెట్ ఉంది. తాటివనంలో ఇంకా ఆ రెండూ లేవు, ఆ పనిలో నేర్పు మాత్రం ఎక్కడా తక్కువ కాదు. ఒక్క జాగ్రత్త.. కల్లు దించినవాళ్ల దగ్గర చెట్టు కిందే తప్ప, మత్తుమందు కలిపారని అనుమానమున్న దుకాణాల జోలికి పోవద్దు. ఆ కల్తీకి మనుషులు ఆసుపత్రుల పాలవుతున్న వార్తలు చూస్తూనే ఉన్నాం.

తిరుగు ప్రయాణంలో బాసర దగ్గర రైలు గోదావరి వంతెన ఎక్కగానే చిన్నమ్మ కిటికీలోంచి దండం పెట్టి రూపాయి బిళ్ల వేసింది. బాబాయ్ ఎదురు సీట్లో కూర్చుని ఉన్నాడు.

‘లోపటికి రావాలనిపించిందా బాబాయ్?’ అని మెల్లగా అడిగాను.

‘అనిపించింది’ అన్నాడు దాచుకోకుండా. ‘తలుపు తీసినప్పుడు వాసన బయటిదాక వచ్చింది. మీ చిన్నమ్మ ఇంకో గ్లాసు ద్రాక్షరసం తెప్పించింది.’

ఖనిలో దిగాక కాలనీలో అందరికీ రెండేసి గుత్తులు పంచింది చిన్నమ్మ. నాసిక్ మార్కెట్‌లో కొన్న పెట్టె ద్రాక్షపండ్లు అవి. పక్కింటి అన్న పెట్టె వైపు, బాబాయ్ వైపు చూశాడు. ‘వైన్ ఫ్యాక్టరీ కాడికి పోయి పండ్లు తెచ్చిన్రా?’ అని నవ్వాడు.

‘పండ్లే తెచ్చినం. ఇంకో గుత్తి తీస్కపో’ అన్నాడు బాబాయ్.